మోడల్-టి ఇంజిన్ వయసు తేల్చేదెలా?

1927 మే 26. అమెరికాలోని ఫోర్డ్ కంపెనీలో ఎనిమిది మంది పాత ఉద్యోగులు ఒక ఇంజిన్ బ్లాకు మీద తలా ఒక అంకె పంచ్ కొట్టారు. ఒకటి, అయిదు, ఆపైన ఆరు సున్నాలు. కోటీ యాభై లక్షలవ మోడల్-టి ఇంజిన్ అది.

ఆ వేడుక మిగతా బ్లాకులకు దక్కలేదు గానీ నంబరు మాత్రం పడింది. ఎడమ పక్కన, రేడియేటర్ నీళ్లు లోపలికి వచ్చే మూతికి కాస్త పైన, చదునైన జాగాలో ఉంటుంది. చాలా ఏళ్లు చాసిస్ మీద నంబరు కొట్టనే లేదు. ఇంజిన్ నంబరే కారు నంబరు.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. బ్లాకు పగిలితే నంబరు లేని కొత్త బ్లాకు వచ్చేది. డీలరు దానిమీద పాత నంబరే కొట్టేవాడు. అందులో మోసం లేదు, కాగితాల్లో కారు అదే కారుగా ఉండాలి కదా! కానీ ఇవాళ ఆ నంబరొక్కటే చూసి ఏడాది చెబితే తప్పుతాం.

అందుకే రెండో గుర్తు వెతకాలి. పంచ్ కొట్టిన అంకెలు ఇనుములోకి దిగి ఉంటాయి. ఇసుక అచ్చులో పోతతోపాటు వచ్చినవి పైకి ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బెత్తు అంకెలు పోతపోసిన తేదీ. 6-14-17 అంటే 1917 జూన్ 14. నెల ముందు రాయడం అమెరికా పద్ధతి కాబట్టి 4-7-15ని జూలై 4గా చదవకూడదు, అది ఏప్రిల్ 7. పోత అయ్యాకే బ్లాకును కోసి, బిగించి, నంబరు కొడతారు. నంబరు చెప్పే కాలం కంటే పోత తేదీ తర్వాతిదైతే ఆ బ్లాకు మారిందన్నమాట. నేనైతే పోత తేదీనే ముందు నమ్ముతాను. సుత్తితో నంబరు ఎప్పుడైనా కొట్టవచ్చు, ఇనుములో ఉబ్బిన తేదీని మళ్లీ పుట్టించడం కష్టం. కిరసనాయిలుతో జిడ్డు కడిగి సుద్దముక్క రుద్దితే రెండూ తేలతాయి. గ్రైండరు మాత్రం తాకించవద్దు.

మన దేశంలో దొరికే బ్లాకు మీద ఇంకోటి చూడాలి: నంబరు ముందు ‘సి’ అక్షరం. బ్రిటన్ తప్ప తక్కిన బ్రిటిష్ సామ్రాజ్యానికి కార్లు పంపింది ఫోర్డ్ కెనడా శాఖ. ‘సి’ ఉన్న నంబరును, ఏ నంబరు ఏ ఏడాదిదో చెప్పే అమెరికా జాబితాతో పోల్చి లాభం లేదు.

కార్ల తయారీ 1927లో ఆగినా, విడి ఇంజిన్లు 1941 ఆగస్టు దాకా వచ్చాయి. చివరి నంబరు 1,51,76,888. కోటీ యాభై ఒక్క లక్షలు దాటిన నంబరు కనబడితే, అది ఏ కొత్త కారులోనూ బిగించిన ఇంజిన్ కాదు; అప్పటికే తిరుగుతున్న బండికి మార్చడానికి చేసినది.