తుప్పు పట్టిన ఛాసిస్ మారిస్తే గిట్టుబాటేనా?

పాత జీపు ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ఇంజను బాగానే ఉంది, గేర్లు పడుతున్నాయి, కానీ కింద ఛాసిస్‌ని తుప్పు తినేసింది. మార్చాలా? అతుకు వేయించాలా? తుక్కుకి తూచి ఇచ్చేయాలా? తెలుగు శాఖ గోడపత్రికలో ఇదేం విషయమని కొందరు నవ్వుతారేమో. కానీ బరంపురం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పుగాలి మన కిటికీ ఊచలనే వదలదు, బండిని వదులుతుందా? పైగా మన ఆడపిల్లలకి బండి సంగతులు ఎవరూ చెప్పరు, ఎక్కించుకుని తీసుకెళ్తారంతే. అందుకని నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మా బాబాయికి ఒక పాత మహీంద్రా జీపు ఉంది. రంగైలుండా వైపు మొగలి పొదల దగ్గర్నుంచి పూలు బట్టీకి తోలడానికి వాడతారు. మొగలిపూలు తెల్లవారకుండానే కోయాలి, వాసన పోకముందే బట్టీకి చేరాలి. దారి చూస్తే ఇసుక, వానాకాలం వస్తే బురద. అక్కడ మామూలు కారు పనికిరాదు. ఈ ఏడు సీజనుకి ముందు జీపుని షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రీ కిందికి దూరి చూసి, "వెనక ఛాసిస్ పోయింది సార్" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే చర్చ.

ఛాసిస్ అంటే ఏమిటి?

ఎడ్లబండికి నొగలు ఎలాగో జీపుకి ఛాసిస్ అలాగ. పొడవునా రెండు ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డకమ్ములు. నిచ్చెనని నేల మీద పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఇంజను, గేరుబాక్సు, కమాను పట్టీలు, స్టీరింగు బాక్సు అన్నీ దీన్నే పట్టుకుని ఉంటాయి. బాడీని చివర్లో పైన పెట్టి బోల్టులతో బిగిస్తారు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఇలా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. కాబట్టి ఛాసిస్ మార్చడమనే మాట జీపులు, లారీలు, పికప్పుల లాంటివాటికే కుదురుతుంది.

తుప్పు ఎలా తింటుంది?

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు. ఉప్పు చేరితే ఆ పని మరీ జోరందుకుంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది గనక ఇనుము త్వరగా కరుగుతుంది. పైగా ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది, బండి అడుగు ఆరనే ఆరదు.

తుప్పుకి ఇంకో గుణం ఉంది. అది పుట్టిన ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికిన చోట తుప్పు చేరితే రేకులనే విడదీసేస్తుంది. పొరలు పొరలుగా ఊడిపోతుంది కాబట్టి లోపలి ఇనుముకి కాపు కూడా కాయదు. అన్నిటికన్నా చెడ్డది, డబ్బాలా మూసి ఉన్న దూలాల లోపలికి ఇసుక, బురద చేరడం. అక్కడ నెలల తరబడి తడి నిలిచి లోపలినుంచి తింటుంది. పైన రంగు నున్నగానే ఉంటుంది, అచ్చం మేడిపండు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది కదా. అప్పుడు బాబాయి జీపు కూడా నీళ్లలో నిలిచింది. ఆ తర్వాత పైన కడిగారు గాని దూలాల లోపల ఎవరు కడుగుతారు?

ఎంత పోయిందో తెలుసుకోవడం

మేస్త్రీ పని దగ్గరుండి చూశాను. చిన్న సుత్తితో దూలం పొడవునా తట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న చోట బొద్దుగా మోగుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచాడు. దిగబడితే అక్కడ లోహం లేనట్టే.

తుప్పు మూడు రకాలు. పైపైన ఎర్రగా ఉన్నది బ్రష్షుతో పోతుంది, రంగు వేస్తే చాలు. పొరలు ఊడేది రెండో రకం, దళసరి ఎంత మిగిలిందో చూడాలి. చిల్లు పడ్డది మూడోది. చిల్లు ఎంత పెద్దదన్న దానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. కమాను పట్టీలు వేలాడే చోట, స్టీరింగు బాక్సు బిగించిన చోట చిన్న చిల్లయినా ప్రమాదమే. బరువు పడని మూలలో పెద్ద చిల్లున్నా అంత భయం లేదు.

వేరే దేశాల్లో ఏం చేశారు?

మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకని వాళ్లకీ ఇదే తిప్పలు. అమెరికాలో టయోటా పికప్పుల ఫ్రేములు తుప్పు పట్టాయని దావా నడిచి, 2016లో రాజీ కుదిరింది. సుమారు 15 లక్షల బండ్లు దాని కిందికి వచ్చాయి. ఫ్రేమును పరీక్షించి, 10 మిల్లీమీటర్లు గాని అంతకన్నా పెద్దది గాని చిల్లు కనబడితే కొత్త ఫ్రేము వేసివ్వాలన్నారు. ఒక్కో ఫ్రేము మార్పుకి విలువ 15,000 డాలర్లదాకా లెక్కగట్టారు. కంపెనీ పెట్టుకునే ఖర్చు కాబట్టి సరిపోయింది. అదే మన జేబులోంచి అయితే పాత బండికి అంత పెడతామా?

ఇంగ్లండులో ల్యాండ్ రోవర్‌ది వేరే కథ. 1948లో మొదలైన ఆ బండికి బాడీ అల్యూమినియం మిశ్రమం, ఛాసిస్ ఉక్కు. పైది చెడదు, కిందిది చెడుతుంది. అందుకని అక్కడ జింకులో ముంచి తీసిన కొత్త ఛాసిస్‌లు అమ్ముతారు. జింకు తాను ముందు తరిగిపోయి ఉక్కుని కాపాడుతుంది. పాత ల్యాండ్ రోవర్లకి గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ ఖర్చు వాళ్లకి గిట్టుతుంది.

లెక్క వేయడం ఎలా?

ఛాసిస్ ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. బాడీ, ఇంజను, ఇరుసులు, వైర్లు, బ్రేకు పైపులు అన్నీ విప్పాలి. తుప్పు పట్టిన బోల్టులు ఊడవు, కోయాలి. ఎలాగూ విప్పాం కదా అని రబ్బర్లు, పైపులు, బుష్‌లు కొత్తవి వేస్తాం. ఈ చిల్లరే తడిసి మోపెడవుతుంది.

ఊరికే లెక్క కోసం ఇలా అనుకుందాం. జీపు ఉన్నదున్నట్టు అమ్మితే 80 వేలు వస్తుంది. ఛాసిస్, కూలీ, చిల్లర కలిపి 2 లక్షలు. మొత్తం 2 లక్షల 80 వేలు మన చేతిలోంచి పెట్టినట్టు. బాగుచేశాక 3 లక్షలు పలికితే గిట్టుబాటే. కానీ ఇంజను కూడా పని అడిగి ఇంకో 70 వేలయితే 3 లక్షల 50 వేలు. అప్పుడు నష్టమే. ఇంకోటి, అమ్మకం ధర ఒక్కటే కాదు, అదే పని చేసే వేరే బండి ఎంతకి దొరుకుతుందో కూడా కనుక్కోవాలి.

కాగితాల సంగతి

దీన్ని చాలామంది పట్టించుకోరు. మన దేశంలో బండికి గుర్తింపు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. ఆ నంబరు ఛాసిస్ మీదే కొట్టి ఉంటుంది. ఇన్సూరెన్సుకి దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవడం మీరూ చూసే ఉంటారు. ఛాసిస్ మారిస్తే ఆ నంబరే పోతుంది. వేరే బండి ఛాసిస్ తెచ్చి వేస్తే ఆ బండి నంబరు మన జీపుకి వస్తుంది. నంబరున్న ముక్క కోసి అతికిస్తే దొంగబండి కింద లెక్క, అది నేరం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో రాసినదానికి తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కాబట్టి ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి, అనుమతి కాగితం చేతికొచ్చాకే పని మొదలెట్టాలి.

15 ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లు, జీపులకి ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. లెక్కలో దీన్నీ కలుపుకోవాలి.

మార్చాక అదే బండా?

మిలింద పన్హాలో నాగసేనుడు మిలింద రాజుని అడుగుతాడు: రథం అంటే ఇరుసా, చక్రాలా, కాడా? విడిగా ఏదీ రథం కాదు, అన్నీ కూడితే ఆ పేరు. ఇంగ్లండు రిజిస్ట్రేషను వాళ్లు దీన్ని అంకెల్లో తేల్చారు. పాత గుర్తింపు నిలవాలంటే 14 పాయింట్లలో కనీసం 8 కావాలని చాలాకాలం నియమం ఉండేది. అందులో ఛాసిస్ ఒక్కదానికే 5, ఇంజనుకి 1. గుండె అనుకునే ఇంజను కన్నా కనబడని వెన్నెముకకే విలువ ఎక్కువన్నమాట.

మా ఇంట్లో ఏం తేల్చారు?

బాబాయికి జీపంటే ప్రాణం, మార్చేద్దామన్నారు. పిన్ని ఒక్క మాట అడిగింది: "ఏమండీ, పూలు పోతే పోనీ. తెల్లవారుజామున వెనక కూర్చుని వచ్చే ఆడవాళ్ల మాటేంటి?" అందరం ఊరుకున్నాం. పూలు కోయడానికి వచ్చే ఆరుగురు ఆ తినేసిన చోటు పైనే కూర్చుంటారు.

పొడిచి చూస్తే చిల్లులు ఒక్క ఎడమ వెనక పట్టీ దగ్గర, దాని పక్క అడ్డకమ్ములో ఉన్నాయి. పొడవు దూలాలు గట్టిగానే మోగాయి. కాబట్టి ఛాసిస్ మార్చడం లేదు. తిన్న భాగం గట్టి లోహం తగిలేదాకా కోసేసి, కొత్త ప్లేటు వెల్డింగు చేయిస్తున్నారు. ప్లేటు అంచులు నిలువుగా కాకుండా ఏటవాలుగా ఉండాలని మేస్త్రీ చెప్పాడు. నిలువు అతుకైతే బరువంతా ఒకే గీత మీద పడి అక్కడే విరుగుతుందట. పని పూర్తయ్యేదాకా జీపులో మనుషుల్ని ఎక్కించకూడదని పిన్ని షరతు.

మొత్తం మీద నాకు అర్థమైంది ఇది. తుప్పు ఒకటి రెండు చోట్లే ఉంటే అతుకు మేలు. పొడవు దూలాలే పోయి, మిగతా బండి గట్టిగా ఉండి, కాగితాలకి అనుమతి దొరికితే ఛాసిస్ మార్చడం గిట్టుతుంది. దూలాలూ పోయి ఇంజనూ పోతే ఎంత ప్రేమున్నా తుక్కుకే. మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ ఆదివారం ఒక సుత్తి తీసుకుని కిందికి వంగి తట్టి చూడండి. వానాకాలం అయ్యాక అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించండి, దూలాలకున్న నీటి రంధ్రాలు పూడిపోతే పుల్లతో తీయండి. దానికి రూపాయి ఖర్చు లేదు.