శని చంద్రుడు టైటన్: నేలయు, వానయు

మదరాసు జార్జి టౌనునకు నైరృతి దిశగా కొలది దూరమున నుంగంబాకము కలదు. అచ్చటి వాతావరణ కార్యాలయపు ఆవరణలో 1792 నాటి రాతి స్తంభమొకటి నేటికిని నిలిచియున్నది. పూర్వపు మదరాసు నక్షత్రశాలలో అది పరిశీలన యంత్రమును మోసిన కంబము. దానిపై లాటిన్, తమిళములతోపాటు తెలుగు అక్షరములును చెక్కబడినవి. 1850వ దశకమున ఈ నక్షత్రశాల అధిపతియైన కాప్టెన్ జాకబ్ శనిగ్రహపు ఉపగ్రహముల స్థానములను కొలిచెను. వానిలో పెద్దది టైటన్. ఆనాటి దూరదర్శినికి అది వెలుగుచుక్క మాత్రమే. నేడు దాని వానలనుగూర్చి కూడ చెప్పగలుగుచున్నాము.

టైటన్‌ను 1655లో హాలెండు దేశీయుడైన హైగెన్స్ కనుగొనెను. దాని వ్యాసము సుమారు 5,150 కిలోమీటర్లు, బుధగ్రహముకన్న పెద్దది. 1944లో కైపర్ అచ్చట మీథేన్ వాయువున్నదని తెలిసికొనెను. 1980లో వాయేజర్-1 దాని చేరువగా పోయినను, నారింజవన్నె పొగమంచు నేలను కనబడనీయలేదు. 2005 జనవరి 14న హైగెన్స్ పేరుగల నౌక గొడుగుసాయమున రెండున్నర గంటలు దిగి నేలను తాకెను. దిగుచు తీసిన చిత్రములలో కొమ్మలుగా చీలిన వాగుల జాడలును, దిగినచోట నునుపుదేలిన గుండ్రాళ్లును కనబడెను. అవి మంచుగడ్డలు. సున్నకు దిగువ 179 డిగ్రీల చలిలో మంచు రాయివలె గట్టిపడును.

అంతటి చలిలో నీరు పారదు గదా, వాగులెట్లు పుట్టినవి? గోదావరి ప్రాంతమున త్రవ్వి తీయు సహజవాయువులో ముఖ్యాంశమైన మీథేనే అచ్చట ద్రవమై పారును. అది ఆవిరియై, మేఘమై, వానయై, వాగై, ఉత్తరధ్రువ ప్రాంతమున సరస్సులై నిలుచును. గాలి మన గాలికన్న దట్టము, ఆకర్షణ ఏడవవంతు. కావున చినుకులు పెద్దవై మెల్లగా దిగును.

జార్జి టౌనులో ఈశాన్య ఋతుపవనము ఏటేట అక్టోబరున వచ్చును. టైటన్ మీద సంవత్సరమనగా మన ఇరువదితొమ్మిదిన్నర యేండ్లు. ఒక్క ఋతువు ఏడేండ్లకు పైబడును. ఆరవ తరగతిలో చేరిన బాలుడు పన్నెండవ తరగతి ముగించునాటికిని అది ముగియదు. 2010లో అచ్చటి మధ్యరేఖకడ మేఘములు క్రమ్మిన పిదప నేల విశాలముగా నల్లబడుటను కసీని నౌక చూచెను. అది వానకు తడిసిన నేలయని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఇచట ఒక చిక్కు కలదు. సూర్యకాంతి మీథేన్‌ను నిరంతరము విడగొట్టుచున్నది. ఎచ్చటనుండియు మరల చేరనిచో, కొన్ని కోట్ల యేండ్లలో అది నశింపవలెను. టైటన్ వయస్సో, కొన్నివందల కోట్ల యేండ్లు! భూగర్భమునుండి అది వెలువడుచున్నదా? ఈ ప్రశ్న నేటికిని తేలలేదు. 2028లో బయలుదేరి 2034లో చేరవలెనని సంకల్పింపబడిన డ్రాగన్‌ఫ్లై అను ఎగురుయంత్రము చోటునుండి చోటికి ఎగిరి ఆ నేలను పరీక్షింపనున్నది.

ఆవిరి, మేఘము, వాన, వాగు అను మాటలను మన పిల్లలు నీటితోడనే నేర్చికొందురు. అవి నీటికి మాత్రమే చెందినవి కావనియు, తగిన చలియు గాలియు ఉన్నచోట మరియొక ద్రవమునకును చెల్లుననియు టైటన్ తెలుపుచున్నది. దానిని బోధించుటకు కొత్త మాటలు అక్కరలేదు; ఇంట నేర్చిన ఆ నాలుగు తెలుగు మాటలే చాలును.