గోడ అడ్డు వచ్చింది, ఏ లెన్సు పెడదాం?

రేపల్లెలో మీకొక పాత పెంకుటిల్లు ఉందనుకోండి. ముందు అరుగు, అరుగు మీద రెండు కొయ్య స్తంభాలు, వాటి మధ్య నాయనమ్మ పడకకుర్చీ. వచ్చే నెలలో ఆ ఇల్లు పడగొట్టి డాబా కట్టబోతున్నారు. ఇల్లు ఉండగానే అందరూ అరుగు మీద కూర్చుని ఒక ఫోటో తీయించుకోవాలని నాన్నగారి కోరిక. బాబాయి తన పాత రేంజిఫైండరు కెమేరా తీశాడు. కంటికి ఆనించి చూశాడు. రెండు స్తంభాలూ పడటం లేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొక అడుగు వేశాడు. వీపు ఎదురింటి గోడకు తగిలింది!

గోడను వెనక్కి నెట్టలేం గదా! ఇల్లు పడగొట్టాక మళ్ళీ తీద్దామంటే కుదరదు. ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే. లెన్సు మార్చాలి. అయితే ఏ లెన్సు?

ఒక చిన్న లెక్క

మామూలు 35 మి.మీ. ఫిల్ము మీద పడే బొమ్మ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. దూరపు వస్తువుల బొమ్మ స్పష్టంగా పడాలంటే లెన్సు నుంచి ఫిల్ము ఎంత దూరంలో ఉండాలో, దాన్ని ఆ లెన్సు నాభ్యంతరం అంటారు. లెన్సుకు ఇవతల ఫిల్ము, అవతల ఇల్లు. రెండు వైపులా రెండు త్రిభుజాలు ఏర్పడతాయి. అవి మీరు రేఖాగణితంలో చదివే సరూప త్రిభుజాలే. కనుక ఫోటోలో ఎంత వెడల్పు పడుతుందో తెలుసుకోవడం సులభం. దూరాన్ని 36తో గుణించి, నాభ్యంతరంతో భాగిస్తే చాలు.

బాబాయికి, అరుగుకు మధ్య 3 మీటర్లు ఉందనుకుందాం. కెమేరాలో ఉన్నది 50 మి.మీ. లెన్సు. 3ను 36తో గుణించి 50తో భాగిస్తే 2.16 మీటర్లు. పక్కపక్కన కూర్చున్న మనిషికి అర మీటరు చొప్పున లెక్కేస్తే నలుగురే పడతారు. 35 మి.మీ. లెన్సయితే దాదాపు 3.1 మీటర్లు, అంటే ఆరుగురు. 28 అయితే 3.86 మీటర్లు, ఏడుగురు. 21 అయితే 5.1 మీటర్లు, పదిమంది! నాభ్యంతరం తగ్గేకొద్దీ చూపు విశాలమవుతుందన్నమాట. అందుకే 35, అంతకంటె తక్కువ నాభ్యంతరం గల వాటిని విశాలకోణ లెన్సులంటారు.

కెమేరా లేకుండా ప్రయోగం

ఒక అట్ట తీసుకోండి. దానిలో 18 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు గల కిటికీ కత్తిరించండి. ఇది ఫిల్ము చట్రానికి సరిగ్గా 5 రెట్లు. ఒక కన్ను మూసి, అట్టను రెండో కంటికి 25 సెం.మీ. దూరంలో పట్టుకుని చూడండి. కనిపించేది 50 మి.మీ. లెన్సు చూపు. 17.5 సెం.మీ. దగ్గరకు తెస్తే 35 మి.మీ. లెన్సు. 14 సెం.మీ. అయితే 28. పదిన్నర అయితే 21. అట్ట అంచులు మసకగా కనిపించినా ఫరవాలేదు. దీన్ని పట్టుకుని పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డుకు వెళ్ళి పులిగడ్డ వంతెనను చూడండి. అట్టను కంటికి దగ్గరగా తెచ్చినకొద్దీ చట్రం నిండా ఆకాశం, నీళ్ళు పెరుగుతాయి. వంతెన సన్నని దారమై మిగులుతుంది! ఎక్కువ పట్టే లెన్సే మంచి లెన్సని అనుకోరాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

రెండు కిటికీల కెమేరా

రేంజిఫైండరు కెమేరాకు ముందు వైపు, కొంచెం ఎడంగా, రెండు చిన్న కిటికీలుంటాయి. బొటనవేలు ముందు పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ దూకుతుంది. వేలు దగ్గరగా ఉంటే దూకుడు ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. ఈ కెమేరా చేసే పనీ అదే. రెండు కిటికీల బొమ్మలు మధ్యలో ఒకదానిమీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతుంటే లోపలి అద్దం వంటి భాగమొకటి కదిలి, రెండు బొమ్మలూ కలిసిపోతాయి. అవి కలిసిన చోటే ఫోకసు. 1932లో వచ్చిన రెండవ నమూనా లైకా కెమేరాలో ఈ ఏర్పాటును లెన్సుతో జతచేశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. ఈ కెమేరాలో మనం లెన్సులోంచి చూడం, పై మూల కిటికీలోంచి చూస్తాం. లెన్సు లావుగా, పొడుగ్గా ఉందనుకోండి, అది ఆ కిటికీకే అడ్డు వస్తుంది. కుడివైపు కింది మూలన కూర్చున్న తమ్ముడు లెన్సు వెనుక దాక్కుంటాడు! అందుకే ఈ కెమేరాకు చిన్న లెన్సు కావాలనడం సోకు కోసం కాదు, అవసరం కోసం.

చిన్నగా ఎలా చేయగలిగారు?

లెన్సులోంచే చూసే ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్సుకు, ఫిల్ముకు మధ్య ఒక అద్దం లేస్తూ వాలుతూ ఉంటుంది. దానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్ జాతి కెమేరాల్లో లెన్సు బిగించే చోటు ఫిల్ముకు 46.5 మి.మీ. ముందు ఉంటుంది. మరి 21 మి.మీ. నాభ్యంతరం గల సాదా లెన్సు ఫిల్ముకు అంత దగ్గరగా వెళ్ళాలంటే అద్దానికి తగలదూ? అందుకని ముందు భాగంలో పెద్ద పుటాకార కటకాలు చేర్చి, బొమ్మను వెనక్కి నెడతారు. దాంతో లెన్సు పెద్దదై, బరువెక్కుతుంది.

రేంజిఫైండరు కెమేరాలో ఆ అద్దమే లేదు. లైకా ఎం కెమేరాల్లో ఈ దూరం 27.8 మి.మీ. మాత్రమే. లెన్సు వెనుక భాగం ఇంకా లోపలికి కూడా చొరబడవచ్చు. లుడ్విగ్ బెర్టెలె అనే నిపుణుడు 1930లలో కాంటాక్స్ కెమేరా కోసం రూపొందించిన బయోగాన్ లెన్సు అటువంటిదే. సోవియట్ యూనియన్‌లో తయారైన జూపిటర్-12 దాని వారసురాలు. దాని వెనుక గాజు ఫిల్ము దాకా పోయినట్లే ఉంటుంది. ఇటువంటి లెన్సు కొనేముందు అది మీ కెమేరా లోపలి భాగాలకు తగలదని చూసుకోవాలి.

వెలుగు, పరిమాణం

ఎఫ్/2.8, ఎఫ్/1.4 అని లెన్సు మీద రాసి ఉంటుంది. నాభ్యంతరాన్ని ఆ అంకెతో భాగిస్తే వెలుగు దూరే ద్వారం వ్యాసం వస్తుంది. 35 మి.మీ. లెన్సులో ఎఫ్/2.8 అంటే 12.5 మి.మీ., ఎఫ్/1.4 అంటే 25 మి.మీ. వ్యాసం రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలు, వెలుగూ నాలుగింతలే. గాజు బరువు, ధర కూడా దానితోపాటే పెరుగుతాయి.

పట్టపగలు బాబాయికి అంత వెలుగు అక్కరలేదు. 35 మి.మీ. లెన్సును ఎఫ్/8 వద్ద ఉంచి, 5 మీటర్లకు ఫోకసు చేస్తే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి దూరపు కొబ్బరిచెట్ల దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. పొట్టి నాభ్యంతరం చేసే మేలు ఇది. కనుక ఎఫ్/2.8 లెన్సు చాలు.

నాయనమ్మ ఎక్కడ కూర్చోవాలి?

అయితే 21 మి.మీ. లెన్సు పెట్టి పదిమందినీ పట్టేద్దామా? ఆగండి. విశాలకోణానికి చెల్లించవలసిన మూల్యం రెండు విధాలు. మొదటిది, మూలలకు వెలుగు ఏటవాలుగా వెళుతుంది కనుక అక్కడ చీకటి పడుతుంది. సాదా లెక్క ప్రకారం మధ్యభాగపు వెలుగులో 50 మి.మీ. లెన్సు మూలకు 70 శాతం చేరితే, 35 లెన్సు మూలకు సగం, 21 లెన్సు మూలకు నాలుగోవంతే చేరుతుంది. రెండవది, అంచున ఉన్న గుండ్రని వస్తువులు సాగిపోతాయి. ముఖం 35 లెన్సు అంచున సుమారు 12 శాతం, 28 అంచున 19 శాతం, 21 అంచున 32 శాతం పక్కకు సాగుతుంది. నాయనమ్మ ముఖం గుమ్మడికాయలా వస్తే ఆమె ఊరుకుంటుందా?

ఇప్పుడు తీర్పు చెప్పవచ్చు. స్తంభాల మధ్య దూరం మూడున్నర మీటర్లనుకుంటే, 35 లెన్సుకు అవి పడవు. 28 లెన్సుకు 3.86 మీటర్లు పడుతుంది, అటూ ఇటూ కాస్త చోటు కూడా మిగులుతుంది. ఎత్తు దాదాపు 2.57 మీటర్లు, కనుక ఒక వరుస కూర్చుని, వెనుక ఒక వరుస నిలబడవచ్చు. అంచున స్తంభాలు రావాలి, అవి కొంచెం సాగినా నష్టం లేదు. నాయనమ్మను మధ్యలో కూర్చోబెట్టాలి. ఎఫ్/2.8 గల చిన్న 28 మి.మీ. లెన్సు ఈ పనికి సరైనది. కాని కెమేరా కిటికీలో 28కి గీతలు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. 1954లో వచ్చిన లైకా ఎం3లో 50, 90, 135 లెన్సులకే గీతలుండేవి. అటువంటి కెమేరాకు పైన వేరే చూపుగొట్టం తగిలించాలి. ఎప్పుడూ ఒకే లెన్సుతో గడిపేవారికి మాత్రం 35 మేలు.

ఫిల్ముకు బదులు డిజిటల్ కెమేరా అయినా ఈ లెక్క మారదు. 36 స్థానంలో సెన్సరు వెడల్పు వేయండి. 2004లో వచ్చిన మొదటి డిజిటల్ రేంజిఫైండరు, ఎప్సన్ ఆర్-డి1 సెన్సరు వెడల్పు 23.7 మి.మీ. దానికి అదే 28 లెన్సు బిగిస్తే 2.54 మీటర్లే పడుతుంది. స్తంభాలు మళ్ళీ బయటికే!

మీ ఇంట్లో ఎవరిదైనా ఫోటో తీయవలసి వచ్చినప్పుడు ముందు టేపుతో దూరం కొలవండి. కాగితం మీద లెక్క చేయండి. తరువాత అట్ట కిటికీలోంచి చూసి, లెక్క సరిపోయిందో లేదో తేల్చుకోండి. ఇల్లు ఒక్కసారే పడగొడతారు. లెక్క మాత్రం ఎన్నిసార్లయినా సరిచూసుకోవచ్చు.