తాడిగడప పురపాలక సంఘం : నాలుగు పంచాయతీలు పట్టణంగా మారిన క్రమం

విజయవాడ : బందరు రహదారి మీదుగా పటమట దాటి తూర్పుగా సాగు ప్రయాణికునికి నగరం ఎచ్చట ముగిసినదో తెలియదు. కానూరు, తాడిగడప, పోరంకి వరుసగా రహదారికి ఆనుకొని ఉండగా, యనమలకుదురు బందరు కాలువకు, కృష్ణానదికి నడుమ ఉన్నది. పెనమలూరు మండలమునకు చెందిన ఈ నాలుగు గ్రామ పంచాయతీలను కలిపి 2020-21లో పురపాలక సంఘంగా ఏర్పరచినారు. కొంతకాలం వై.ఎస్.ఆర్. తాడిగడప పేరుతో వ్యవహరింపబడిన ఈ సంఘమునకు తాడిగడప పేరునే ఉంచుటకు 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. నాలుగింటిలో జనాభా రీత్యా చిన్నదైన గ్రామం పేరే మొత్తానికి నిలచుట గమనార్హం.

1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ నేలను మాగాణిగా నిలిపినవి. 1888లో ఏర్పడిన బెజవాడ పురపాలక సంఘం 1981లో నగరపాలక సంస్థ అయినది. 1985లో పటమట, గుణదల, భవానీపురం అందులో విలీనమైనవి; కానూరు మాత్రం హద్దుకు వెలుపలనే మిగిలినది. 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమైనది. చెంతనే ఉన్న ఆటోనగర్ కార్మికులకు, ఉద్యోగులకు, విద్యార్థులకు నివాసములు కావలసి వచ్చి, వరి పొలములు లేఅవుట్లుగా మారినవి.

2011 జనాభా లెక్కల ప్రకారం కానూరులో సుమారు 49 వేలు, యనమలకుదురులో 34 వేలు, పోరంకిలో 27 వేల జనాభా కలదు. పాలన పంచాయతీదే అయినను జనాభా లెక్కలు వీటిని పట్టణములుగానే పరిగణించినవి. 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, ప్రధాన పురుష కార్మికులలో 75 శాతం వ్యవసాయేతర వృత్తులలో ఉండుట ఇందుకు కొలమానములు. అంటే గ్రామ సర్పంచి బాధ్యత ఆచరణలో ఒక చిన్న పట్టణ పాలకుని బాధ్యతయే.

హోదా మారిన పిదప లెక్కలు కూడ మారినవి. పంచాయతీ ఇంటి పన్ను స్థానే పురపాలక చట్టం క్రింద ఆస్తి పన్ను వచ్చినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతములకే పరిమితమైనందున వ్యవసాయ కూలీలకు ఆ అవకాశం లేకపోయినది. ఈ అంశమును విలీన వార్తలలో తరచు విస్మరించుట జరుగుచున్నది.

మురుగు నీటి పారుదల ఇచ్చటి అసలు సమస్య. డెల్టా నేల చదును. పొలములకు నీరందించుటకు త్రవ్విన బోదెలు ఇండ్ల నడుమ చిక్కుకొని మురుగు కాలువలైనవి. నీరు పారించుటకు వాలుగా తీసిన కాలువ, మురుగు తరలించుటకు అనువైన దిశలో ఉండవలెనని లేదు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం నమోదైనది. యనమలకుదురు వంటి నదీతీర నివాసముల విషయంలో గట్టు, డ్రెయిను రెండింటినీ కలిపి చూడవలెననుటకు ఇదియే నిదర్శనం.

2021 మార్చి, నవంబరు పురపాలక ఎన్నికలలో తాడిగడప చేరలేదు. సర్పంచులు లేక, కౌన్సిలు ఏర్పడక, వార్డు సమస్యలు అధికారుల వద్దకే వెళ్లవలసి వచ్చినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రం కాగా, పెనమలూరు మండలం కృష్ణా జిల్లాలోనే ఉన్నది. నగరమునకు ఆనుకొని ఉన్న కానూరు వాసికి జిల్లా కలెక్టరు కార్యాలయం మునుపటి వలెనే సుమారు 60 కిలోమీటర్ల దూరాన గల మచిలీపట్నంలో ఉన్నది.