సంయుక్త దూలాల నమూనా నిర్మాణంలో జారుడు: ఒక పరిశీలన

ఉక్కు దూలం మీద కాంక్రీటు స్లాబు పోసి, రెండూ ఒకే అంగంగా పనిచేసేట్లు బిగించిన నిర్మాణమే సంయుక్త దూలం. ‘మిశ్రమ దూలం’ అనడం కంటే ఈ పేరే సముచితం. మిశ్రమ లోహంలో మూలద్రవ్యాలు కరిగి కలిసిపోతాయి; ఇక్కడ ఉక్కు ఉక్కుగానే, కాంక్రీటు కాంక్రీటుగానే మిగులుతాయి. వాటిని కలిపేది మధ్యనున్న బంధం మాత్రమే. దూలం ప్రవర్తనను లెక్కగట్టడంలో అసలు చిక్కు ఆ బంధం దగ్గరే వస్తుంది.

బంధం విలువ ఎంతటిదో ఒక సులభమైన ఉదాహరణ చెబుతుంది. ఒకే కొలత గల రెండు చెక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి బరువు పెడితే, వాటి అంచులు ఒకదాని మీద ఒకటి జారుతాయి. దృఢత్వం ఒక్క చెక్కకు ఉన్నదానికి రెట్టింపు మాత్రమే. వాటినే జారకుండా అతికిస్తే దృఢత్వం లోతు ఘనాన్ని అనుసరించి ఎనిమిది రెట్లవుతుంది. చెక్క అదే, బరువు అదే. జారుడును ఆపినందుకే నాలుగింతల తేడా.

సంయుక్త దూలంలో ఈ పని చేసేవి ఉక్కు పైరెక్కకు వెల్డింగు చేసిన తలగల స్టడ్‌లు. అవి జారుడును పూర్తిగా ఆపుతాయని భావిస్తే లెక్క తేలిక. ఉక్కు స్థితిస్థాపక గుణకం చదరపు మిల్లీమీటరుకు 2,00,000 న్యూటన్లు. ఎం25 కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 సూత్రం ప్రకారం 25,000. నిష్పత్తి 8 కనుక 1,600 మిల్లీమీటర్ల వెడల్పు గల స్లాబును 200 మిల్లీమీటర్ల ఉక్కుగా మార్చి, మొత్తాన్ని ఒకే దూలంగా లెక్కించవచ్చు. అయితే దీర్ఘకాలిక భారం కింద కాంక్రీటు నెమ్మదిగా కుదించుకుపోతుంది కాబట్టి ఆ నిష్పత్తిని పెంచవలసి ఉంటుంది.

వాస్తవంలో స్టడ్‌లు వంగుతాయి, వాటి చుట్టూ కాంక్రీటు నలుగుతుంది, కొంత జారుడు తప్పదు. దీనిని గణితంలోకి తెచ్చిన ప్రసిద్ధ నమూనా 1951లో న్యూమార్క్, సీస్, వియెస్ట్ ప్రతిపాదించినది. రెండు భాగాల వక్రత ఒక్కటేననీ, స్లాబు పైకి లేవదనీ, స్టడ్‌ల నిరోధం పొడవునా పరచుకొని జారుడుకు అనులోమంగా ఉంటుందనీ అది ఊహిస్తుంది. ఫలితంగా స్లాబులోని అక్షీయ బలానికి ద్వితీయ క్రమ అవకలన సమీకరణం లభిస్తుంది. వికృతి రేఖ సంధితలం వద్ద మెట్టులా తెగుతుంది. తటస్థాక్షాలు రెండు ఏర్పడతాయి. జారుడును వదిలేసిన నమూనాలో ఈ రెండో అక్షానికి చోటే ఉండదు.

అనులోమ నియమం చిన్న భారాల వరకే చెల్లుతుంది. 1971లో ఓల్‌గార్డ్, స్లట్టర్, ఫిషర్ తమ పరీక్షల నుంచి ఇచ్చిన భార–జారుడు సూత్రం ఘాతాంక రూపంలో ఉంటుంది: మొదట నిటారుగా లేచి, గరిష్ఠ బలాన్ని సమీపిస్తూ దాదాపు చదునవుతుంది. సమంగా పరచిన భారం కింద చివరి స్టడ్‌లపై కోత అధికం. అవి విరగకుండా సాగితేనే భారం లోపలి స్టడ్‌లకు పంచుకోబడుతుంది. పెళుసువైతే ఒకదాని వెంట ఒకటి తెగిపోగలవు. స్టడ్ సాగే గుణం గలదనడానికి యూరోకోడ్ 4 కనీసం 6 మిల్లీమీటర్ల జారుడు సామర్థ్యాన్ని అడగడానికి కారణం ఇదే.

నేటి పరిమిత మూలక నమూనాలలో ఈ వక్రరేఖను సంధితలపు స్ప్రింగులకు అప్పగిస్తారు. వాటి సరితూకాన్ని అంతిమ భారంతో మాత్రమే పోల్చడం బలహీనమైన పద్ధతి. స్టడ్‌లు సరిపడా ఉన్న దూలంలో అంతిమ బలాన్ని ఉక్కు, కాంక్రీటుల బలాలే నిర్ణయిస్తాయి. జారుడు నియమం తప్పైనా ఆ సంఖ్య సరిపోవచ్చు. చివరి జారుడు, మధ్య వంగుడు కూడా పరీక్షతో కలిసినప్పుడే నమూనా సంధితలాన్ని నిజంగా పట్టుకున్నట్లు. అవిచ్ఛిన్న దూలాలలో మరో అంశం చేరుతుంది: మధ్య ఆధారంపై స్లాబు తన్యతకు లోనై పగులుతుంది. అందుకే అక్కడ ఇరువైపులా పరిధిలో 15 శాతం పొడవున కాంక్రీటును లెక్కలోంచి తీసివేసే సరళ పద్ధతిని యూరోకోడ్ 4 కొన్ని షరతులతో అనుమతిస్తుంది.