కమాన్ కట్ట వారసులు

నిండా చెరుకు వేసుకున్న లారీ గుంతలో పడితే బరువుగా మూలిగి మెల్లగా లేస్తుంది. అన్‌లోడ్ చేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అదే గుంతలో పడితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, గొలుసులూ తలుపులూ దడదడలాడతాయి. క్రషింగ్ సీజన్‌లో బోధన్, ఎడపల్లి, వర్ని రోడ్ల మీద ఇది ఒకప్పుడు రోజూ కనపడిన దృశ్యమే. డ్రైవరు మారలేదు, రోడ్డు మారలేదు, ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులైన కమాన్ కట్టలూ మారలేదు. మారింది బరువొక్కటే.

పాత టర్బో సెడాన్ ఒకటి కొని, తీరిక దొరికినప్పుడల్లా దాన్ని బాగుచేసుకుంటూ, ఇక సస్పెన్షన్ మార్చాలని ఉబలాటపడే కుర్రాళ్లు నిజామాబాద్‌లోనూ ఉన్నారు. వాళ్లు గట్టి స్ప్రింగుల ధర వాకబు చేసే ముందు ఈ ఖాళీ లారీని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇందులో ఉన్న లెక్కే వాళ్ల కారులోనూ ఉంది.

లెక్క పాతది. ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో అచ్చువేసిన సూత్రం చిన్నది: స్ప్రింగును ఎంత బలంతో లాగితే అంతకు తగ్గట్టే అది సాగుతుంది. ఇంకెవరూ తనదని చెప్పుకోకుండా రెండేళ్ల ముందే అక్షరాలను చిందరవందర చేసి పొడుపుకథలా ప్రకటించి పెట్టుకున్నాడు. అంత జాగ్రత్త పడదగ్గ సూత్రమే. దీన్నుంచి ఇంట్లో కూర్చుని వేసుకోదగ్గ లెక్క ఒకటి వస్తుంది. బండి బరువు పడ్డప్పుడు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో చూడండి. ఆ అంకె వర్గమూలంతో 5ను భాగించండి. సెకనుకు బండి ఎన్నిసార్లు ఊగుతుందో తేలిపోతుంది. 16 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒకటింబావు సార్లు. 4 సెంటీమీటర్లే కుంగితే రెండున్నర సార్లు.

లారీ సంగతి ఇక్కడ విడిపోతుంది. లోడు దించాక కమాన్ల మీద బరువు నాలుగో వంతుకు పడిపోయిందనుకుందాం. కుంగుడూ నాలుగో వంతు అవుతుంది, ఊగే వేగం రెండింతలవుతుంది. అందుకే తయారీదార్లు ప్రధాన కట్ట మీద చిన్న హెల్పర్ కట్ట పెడతారు. లోడు పడ్డాకగానీ అది పనిలోకి రాదు. మనవాళ్లు అంతటితో ఊరుకోక, ఇంకో రెండు టన్నులు ఎక్కించడానికి అదనపు పట్టీలు వేయించుకుంటారు. 2018లో కేంద్రం రెండిరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది, అయినా ఆశకు హద్దు లేదు. ఆ పట్టీల ఫలితం తిరుగు ప్రయాణంలో డ్రైవరు నడుముకు తెలుస్తుంది. మనిషి ఒంటికి పైకీ కిందికీ వచ్చే అదురుల్లో సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది మధ్యవి అన్నిటికంటే ఎక్కువ బాధ పెడతాయి. స్ప్రింగును గట్టిపరిచే కొద్దీ ఆ బాధల ప్రాంతానికి దగ్గరవుతాం.

ఈ నేల మీద మొదట తిరిగిన బళ్లకు స్ప్రింగు అన్నదే లేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాక చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు తెచ్చుకుంది. అప్పట్లో చెరుకు మోసిన ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా, దాని పైన ఇరుసు, ఇరుసు పైన నేరుగా చెరుకు. రాయి తగిలితే ఆ దెబ్బ ఎద్దు మెడ దాకా పోతుంది. 1888లో డన్‌లప్ పేటెంటు తీసుకున్న గాలి టైరు ఎడ్లబండికి కూడా అమరి టైరు బండి పుట్టాక కొంత ఊరట దొరికింది. టైరులో గాలి కూడా ఒక స్ప్రింగే మరి.

కమాన్ కట్ట చరిత్ర వేరే దారిలో నడిచింది. ఇంగ్లండులో ఒబదయా ఇలియట్ అనే బళ్లు కట్టే ఆయన 1804లో ఉక్కు పట్టీలను రెండు విల్లుల్లా ఎదురెదురుగా కలిపి, గుర్రబ్బండి పెట్టెను నేరుగా వాటి మీద నిలిపాడు. కింద మోపుగా ఉండే బరువైన దూలం అవసరం తీరిపోయింది, బండి తేలికైంది. ఈ కట్టకు ఇంకో సుగుణం ఉంది. పట్టీ మీద పట్టీ రాసుకుంటూ వంగుతుంది కాబట్టి ఊగే శక్తిలో కొంత ఆ రాపిడిలోనే వేడిగా పోతుంది. బరువు మోసేదీ అదే, ఊపు తగ్గించేదీ అదే, ఇరుసును పక్కకు జారకుండా పట్టేదీ అదే. మూడు పనులు ఒక్క వస్తువుతో జరిగిపోతే ఎవరు వదులుకుంటారు? 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నాటి నుంచి నిన్నమొన్నటి పల్లెవెలుగు దాకా మన బస్సులు ఎక్కువగా ఈ కట్టల మీదే నడిచాయి. అంబాసిడర్ కారు వెనక ఇరుసు కిందా ఇవే.

అయితే రాపిడి నమ్మదగ్గ నౌకరు కాదు. తుప్పు పడితే పట్టేస్తుంది, గ్రీజు పెడితే జారిపోతుంది. పైగా చిన్న కుదుపుకు మొండికేసి, పెద్ద కుదుపుకు చాలకుండా పోతుంది. కార్లు వేగం అందుకున్నాక ఊపు తగ్గించడానికి వేరే యంత్రం కావాల్సి వచ్చింది. ఫ్రాన్సులో ట్రఫో అనే ఆయన ఒకదాని మీద ఒకటి రాసుకునే బిళ్లలతో ఒకటి చేశాడు. అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ దాన్ని అమ్మకానికి తెచ్చాడు. అదీ రాపిడే. అసలు మలుపు 1908 ప్రాంతంలో మారిస్ ఊదాయ్ అనే ఫ్రెంచివాడి నూనె షాక్ అబ్జార్బర్‌తో వచ్చింది. ఫోర్డ్ మోడల్ టి జన్మంతా షాక్ అబ్జార్బర్లు లేకుండానే గడిపింది. 1927 చివర వచ్చిన మోడల్ ఎ నాలుగు చక్రాలకూ ఊదాయ్ రకం అమర్చుకుని వచ్చింది.

నేటి నూనె షాక్ అబ్జార్బర్ లోపల జరిగేది ఇది. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటి మీద పలుచని ఉక్కు బిళ్లల వాల్వులు. చక్రం పైకి లేచినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి దూరిపోవాలి. దూరేటప్పుడు వేడెక్కుతుంది. గుంత ఇచ్చిన శక్తి అలా వేడై గాలిలో కలిసిపోతుంది. మెల్లగా కదిలితే తక్కువగా, జోరుగా కదిలితే ఎక్కువగా అడ్డుకోవడం దీని గొప్ప. రాపిడికి లేని వివేకం ఇదే. సాధారణంగా చక్రం పైకి లేచేటప్పటి కంటే కిందికి దిగేటప్పుడు ఎక్కువ బిగువు ఉండేలా వాల్వులు అమరుస్తారు. గుంత దెబ్బను స్ప్రింగు తీసుకుంటుంది, ఆ స్ప్రింగు తిరిగి తన్నే తన్నును నూనె అడ్డుకుంటుంది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి మారిస్ ఆలీ. బ్రిటన్‌లో పుట్టి, రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలో కాడిలాక్‌లో చేరాడు. అప్పటి కార్లలో ముందు స్ప్రింగులు గట్టిగా, వెనకవి మెత్తగా ఉండేవి. వెనక సీట్లో కూర్చున్న యజమాని సుఖపడాలని! ఫలితం తలకిందులైంది. కారు ముందుకీ వెనక్కీ పడవలా తూగేది. ఆలీ ఒక పెద్ద లిమోజిన్‌కు అటూ ఇటూ జరపగల బరువులు కట్టి, స్ప్రింగుల జోడీలు మారుస్తూ, అందులో కూర్చుని తన ఒంటితోనే కొలిచాడు. ముందువి మెత్తగా, వెనకవి కాస్త గట్టిగా పెట్టగానే కారు నున్నగా పోయింది. కారణం చెబితే ఇంత సులువా అనిపిస్తుంది. గుంత ముందు చక్రానికి మొదట తగులుతుంది. రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే, వెనక చక్రం ఆ గుంతను సెకనులో ఏడో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యంగా మొదలైన వెనక భాగం కొంచెం వేగంగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది. రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి, తల ఊగదు. ఇంటర్నెట్‌లో దొరికిన స్ప్రింగులను ముందువి ఒక కంపెనీవి, వెనకవి ఇంకో కంపెనీవి బిగించేవాళ్లు ఆలీ సాధించిన ఈ పొందికను ఒక్క మధ్యాహ్నంలో చెడగొడతారు.

తర్వాతి అధ్యాయం త్వరగా చెప్పుకోవచ్చు. ఎర్ల్ మాక్‌ఫర్సన్ షెవ్రొలే చిన్నకారు కోసం కష్టపడ్డాడు. ఆ పథకాన్ని 1947లో ఆపేయడంతో ఫోర్డ్‌కు వెళ్లాడు. స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ ఒకే నిలువు కడ్డీగా కలిపి, కింద ఒకే ఒక్క ఆర్మ్‌తో చక్రాన్ని పట్టి ఉంచే స్ట్రట్ ఆయనదే. 1950లో లండన్ ప్రదర్శనలో ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్ల మీద జనం దాన్ని చూశారు. చోటు తక్కువ, ఖర్చు తక్కువ. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకు ఇదే. ఇవాళ మన రోడ్ల మీది కార్లలో చాలావాటికి ఇదే.

ఇక టర్బో. పొగగొట్టంలో వృథాగా పోయే గాలితో చిన్న చక్రం తిప్పి, దాంతో ఇంజన్లోకి ఎక్కువ గాలి నెట్టాలన్న ఆలోచనకు స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లో పేటెంటు తీసుకున్నాడు. కార్లలోకి రావడానికి 1962 దాకా పట్టింది. మన దేశంలో పెట్రోలు టర్బో సెడాన్ మోజు తెచ్చింది 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్: 1.8 లీటర్లు, 150 హార్స్‌పవర్. స్కోడా తన ఆక్టేవియాలను 2001 నుంచి ఔరంగాబాద్‌లో బిగించింది. అదీ పాత హైదరాబాద్ రాజ్యంలోదే, నిజామాబాద్ మీదుగా పోయే మన్మాడ్ రైలు దారిలోదే. ఈ కారుకు ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక టోర్షన్ బీమ్. ఇరవై ఏళ్లు దాటిన ఈ తరం కార్ల ఇంజన్లలో ఇంకా ప్రాణం ఉంటుంది. ప్రాణం పోయేది రబ్బరులో.

టర్బో తోపు ఒక్కసారిగా అందుకున్నప్పుడు కారు ముక్కు లేస్తుంది, బరువు వెనక్కి జరుగుతుంది, నడిపించే ముందు చక్రాలు తేలికవుతాయి. అప్పుడు స్ట్రట్‌లో నూనె కారిపోయి, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ పగిలి ఉంటే చక్రం రోడ్డును పట్టుకోలేక తడతడ ఎగురుతుంది. ఇంజన్ శక్తి పెంచే ముందు చూడాల్సిన చోటు అది. నలభై అయిదు డిగ్రీలు దాటే నిజామాబాద్ ఎండల్లో ఇరవై వేసవులు గడిపిన బుష్, స్ట్రట్ మౌంట్, బంప్ స్టాప్ బయటికి బాగానే కనపడినా లోపల పెళుసెక్కి ఉంటాయి. ముందు ఇవీ, బాల్ జాయింట్లూ కంపెనీ రకానివే కొత్తవి వేయించాలి. పాలీయూరిథేన్ బుష్‌లు గట్టివే, కానీ ప్రతి గులకరాయినీ సీటు దాకా తెస్తాయి. రోజూ తిరిగే బండికి నేను సిఫారసు చేయను.

రెండోది షాక్ అబ్జార్బర్లు. బానెట్ మూల నొక్కి వదిలి చూడటం పాత పరీక్ష. పూర్తిగా చచ్చినదాన్ని మాత్రమే అది పట్టిస్తుంది, సగం చచ్చినది దొరకదు. కాబట్టి నూనె తడి ఉందా, టైరు మీద అక్కడక్కడ గుంటలుగా అరిగిందా చూడాలి. ఫ్రెంచి ఇంజనీరు ద కార్బన్ 1950ల్లో నూనె వెనక అధిక పీడనంతో నైట్రోజన్ గ్యాసు నింపిన ఒంటిగొట్టం రకాన్ని తెచ్చాడు. జర్మనీలో బిల్‌స్టీన్ దాన్ని మెర్సిడెస్ కార్లకు చేసి పేరు తెచ్చింది. గుంతల రోడ్డు మీద ఆగకుండా కొట్టుకునే పిస్టన్ నూనెలో నురగ పుట్టిస్తుంది. నురగ రంధ్రంలోంచి ఊరికే జారిపోతుంది, బిగువు మాయమవుతుంది. గ్యాసు ఒత్తిడి ఆ నురగను పుట్టనివ్వదు. మన రేగడి నేలల్లో రోడ్డు వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుని అలలు తేలుతుంది. గంటకు 60 మీద పన్నెండు పదమూడు మీటర్లకొక అల వస్తే అది సరిగ్గా కారు సహజంగా ఊగే లయ. స్ప్రింగు అక్కడ ఏమీ చేయలేదు. ఆపగలిగింది షాక్ అబ్జార్బర్ ఒక్కటే.

స్ప్రింగులు చివరన. మార్చాలనిపిస్తే కంపెనీవాటి కంటే పది ఇరవై శాతం గట్టివి చాలు. ఇరవై శాతం గట్టిపరిస్తే ఊగే వేగం పెరిగేది పది శాతం లోపే, దాన్ని కొత్త షాక్ అబ్జార్బర్ భరిస్తుంది. పొట్టి స్ప్రింగులు వేసి బండిని నేలకు దించడం మాత్రం మాక్‌ఫర్సన్ కారుకు చేసే అన్యాయం. కింది ఆర్మ్ వాలు తిరగబడుతుంది. మలుపులో బండి ఒరిగే కేంద్రం, బండి దిగినదానికన్నా ఎక్కువ లోతుకు దిగిపోతుంది. ఫోటోలో తక్కువ ఎత్తులో కనపడే కారు మలుపులో ఎక్కువ ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి మరింత గట్టి స్ప్రింగు కావాలి, అప్పుడు ఖాళీ చెరుకు లారీలా ఎగురుతుంది. పైగా చక్రం కదలడానికి మిగిలిన జాగా తగ్గి ప్రతి స్పీడ్ బ్రేకరుకూ బంప్ స్టాప్ మీద కొడుతుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మూల నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అరిగిన భాగం తీసి అదే కొలత కొత్తది వేస్తే ఎవరూ అడగరు. నేలకు దించిన బండితో పోతుంటే పోలీసులు ఆపితే మాత్రం జవాబు మీరే చెప్పుకోవాలి.

కాబట్టి చేతిలో ఉన్న డబ్బును బుష్‌లకూ మౌంట్లకూ మొదట, మంచి షాక్ అబ్జార్బర్లకు తర్వాత ఖర్చు పెట్టండి, ఇరుసుకు రెండూ జతగానే మార్పించండి. పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ చేయించనిదే బండిని ఆర్మూర్ వైపు హైవే ఎక్కించకండి.