డ్రిల్ బ్యాటరీ డెడ్ అయ్యిందా? పారేసే ముందు లోపల ఏ సెల్ పోయిందో చూడండి

ఫుల్ ఛార్జ్ పెడతారు, గ్రీన్ లైట్ వస్తుంది. నాలుగు స్క్రూలు బిగించేసరికి డ్రిల్ ఆగిపోతుంది. మళ్ళీ ఛార్జర్‌లో పెడితే పది నిమిషాల్లోనే గ్రీన్ లైట్. కార్డ్‌లెస్ డ్రిల్ వాడే చాలామందికి కొన్నేళ్ళ వాడకం తర్వాత ఎదురయ్యే సమస్య ఇది. షాపులో అడిగితే "బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకోండి" అంటారు.

నిజానికి చాలాసార్లు పోయేది బ్యాటరీ మొత్తం కాదు, అందులో ఒక్క సెల్. అలాగని ఆ ఒక్కదాన్నీ తీసి కొత్తది పెడితే సరిపోతుందా? అక్కడే అసలు చిక్కు ఉంది. మా వీధిలో వడ్రంగి పని చేసే అన్న ఈమధ్య ఇలాంటి ప్యాక్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. డ్రిల్ లేకపోతే ఆయనకి ఆ రోజు కూలీ లేనట్టే. దాన్ని ఎలా టెస్ట్ చేశానో, ఏం మార్చానో, మీరు ఏ దశలో ఆగిపోవాలో వరుసగా చెప్తాను.

ప్యాక్ లోపల ఏముంటుంది?

ఫోన్‌లో సాధారణంగా ఒకే సెల్ ఉంటుంది. డ్రిల్ ప్యాక్‌లో మాత్రం 18650 అనే గుండ్రటి సెల్స్ వరుసగా ఉంటాయి. 18 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 అంటే 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు.

ఒక్కో సెల్ నామినల్ వోల్టేజ్ 3.6, ఫుల్ ఛార్జ్ అయితే 4.2. అయిదు సెల్స్ సిరీస్‌లో కలిపితే 18 వోల్టులు. అదే ప్యాక్ ఫుల్‌గా ఉన్నప్పుడు 21. అందుకే "18 వోల్ట్", "20 వోల్ట్ మ్యాక్స్", "21 వోల్ట్" అని మూడు రకాలుగా రాసినా లోపల ఉండేవి అవే అయిదు. ఆన్‌లైన్‌లో "48", "88" అని స్టిక్కర్ వేసి అమ్మే చవక డ్రిల్స్‌లో కూడా విప్పి చూస్తే ఎక్కువగా కనిపించేది ఇదే లెక్క. 4 ఆంపియర్-అవర్ లాంటి పెద్ద ప్యాక్‌లో రెండేసి సెల్స్ పక్కపక్కన కలిపి అయిదు జతలు ఉంటాయి. దీన్ని 5ఎస్ 2పీ అంటారు.

వీటితో పాటు బీఎంఎస్ అనే చిన్న బోర్డు ఉంటుంది. ఏ సెల్ అయినా నిండిపోతే ఛార్జింగ్ ఆపడం, ఏ సెల్ అయినా ఖాళీ అయితే డ్రిల్‌ని ఆపడం దీని పని. కానీ చాలా డ్రిల్ ప్యాక్‌లలో సెల్స్ అన్నింటినీ సమానం చేసే బ్యాలెన్సింగ్ ఉండదు. కొన్ని చవక ప్యాక్‌లలో అయితే ఒక్కో సెల్‌ని విడిగా చూసే ఏర్పాటే ఉండదు.

ఒక్క సెల్ ప్యాక్ మొత్తాన్ని ఎలా ఆపుతుంది?

సిరీస్‌లో ఉన్న అన్ని సెల్స్ గుండా ఒకే కరెంట్ పోతుంది. కాబట్టి ప్యాక్ కెపాసిటీ అంటే అందులో అన్నిటికంటే వీక్ సెల్ కెపాసిటీయే. నాలుగు సెల్స్‌లో ఛార్జ్ ఎంత ఉన్నా, అయిదోది ఖాళీ అవ్వగానే బీఎంఎస్ డ్రిల్‌ని ఆపేస్తుంది. ఛార్జర్‌లో పెడితే ఆ నాలుగూ ముందే నిండి ఉన్నాయి కాబట్టి పది నిమిషాల్లో ఛార్జింగ్ ఆగిపోతుంది. వీక్ సెల్ సగం కూడా నిండదు. మొదట్లో చెప్పిన గ్రీన్ లైట్ కథ వెనుక ఉన్నది ఇదే.

విప్పే ముందు

ప్యాక్ ఉబ్బినా, కరిగిన మరకలు ఉన్నా, ఘాటైన తియ్యటి వాసన వస్తున్నా, నీళ్ళలో పడినా విప్పొద్దు. అది రిపేర్ చేసే సరుకు కాదు.

బాగానే ఉంటే ఉంగరం, వాచీ, కడియం తీసేసి కూర్చోండి. 18650 సెల్‌కి బయట డబ్బా మొత్తం నెగెటివ్. పైన పాజిటివ్ బటన్ చుట్టూ సన్నటి రింగ్ మాత్రమే రెండింటినీ వేరు చేస్తుంది. స్క్రూడ్రైవర్ జారి రెండింటికీ తగిలితే పదుల ఆంపియర్ల కరెంట్ ఒక్కసారిగా పోతుంది. చాలా ప్యాక్‌లకి మధ్యలో పుల్ల ఉన్న నక్షత్రం స్క్రూలు ఉంటాయి. వాటికి మధ్యలో రంధ్రం ఉన్న టార్క్స్ టీ10 బిట్ కావాలి, మామూలు బిట్ పట్టదు.

టెస్టింగ్: మొత్తం వోల్టేజ్ నమ్మొద్దు

ముందుగా ఫుల్ ఛార్జ్ చేసి ఒక గంట వదిలేయండి. తర్వాత మల్టీమీటర్‌తో ఒక్కో సెల్‌ని విడిగా కొలవండి. అన్న ప్యాక్‌లో వచ్చిన రీడింగ్స్ ఇవి: 4.16, 4.15, 4.17, 4.16, 3.41. మొత్తం కలిపితే 20.05 వోల్టులు. బయట టెర్మినల్స్ దగ్గర మాత్రమే కొలిస్తే "బ్యాటరీ బాగానే ఉంది" అనుకుంటాం. లోపల ఒకటి వెనకబడిందని విడిగా కొలిస్తేనే తెలుస్తుంది.

అన్ని సెల్స్ బాగుండి బయట మాత్రం సున్నా వస్తే సమస్య సెల్స్‌లో కాదు, ఫ్యూజ్‌లోనో బీఎంఎస్‌లోనో ఉంది. ఏదైనా సెల్ 2 వోల్టుల కన్నా కిందకి పడిపోయి ఉంటే దాన్ని బలవంతంగా బతికించొద్దు. అంత లోతుగా ఖాళీ అయినప్పుడు లోపలి రాగి రేకు కరిగి, మళ్ళీ ఛార్జ్ చేసేటప్పుడు ఆ రాగి పేరుకుని లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

3.41 వోల్టుల సెల్ నిజంగా పాడైందా, లేక వెనకబడింది అంతేనా? ఇది తేలకుండా సెల్స్ కొనొద్దు. ఆ ఒక్క సెల్‌కి టీపీ4056 మాడ్యూల్‌తో విడిగా ఛార్జ్ పెట్టి మిగతా వాటి స్థాయికి తెచ్చాను. తర్వాత బీఎంఎస్ వైర్లు తీసేసి అయిదు రోజులు పక్కన పెట్టాను. ఎందుకంటే కొన్ని బోర్డులు తమ కరెంట్‌ని ఒకటి రెండు సెల్స్ నుంచే తీసుకుంటాయి. అలాంటప్పుడు మంచి సెల్ కూడా వెనకబడుతుంది. అయిదు రోజులకీ వోల్టేజ్ నిలబడితే సెల్ మంచిదే. సమానం చేస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు.

ఇక్కడ నిలబడలేదు. మిగతా నాలుగూ 4.14 దగ్గర ఉంటే ఇది 3.88కి దిగింది. ఇంటర్నల్ రెసిస్టెన్స్ మీటర్ కూడా అదే చెప్పింది. మిగతావి 25 మిల్లీ ఓమ్‌ల దగ్గర ఉంటే ఇది 78. డ్రిల్ 20 ఆంపియర్లు లాగితే మంచి సెల్‌లో కనీసం 10 వాట్ల వేడి పుడుతుంది. ఈ సెల్‌లో కనీసం 31 వాట్లు. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! అది ప్లాస్టిక్ డబ్బాలో, మిగతా సెల్స్ పక్కన ఉంటుందన్నమాట.

ఒక్కటి మార్చాలా, అన్నీ మార్చాలా?

మిగతా నాలుగింటి కెపాసిటీ కొలిస్తే 2000 ఎంఏహెచ్‌కి గాను 1450 నుంచి 1500 వరకు మిగిలింది. వాటి మధ్య కొత్త 2500 సెల్ పెడితే ప్యాక్ కెపాసిటీ 1450 దగ్గరే ఉంటుంది. అంటే కొత్త సెల్ డబ్బు దండగ.

అంతకన్నా ముఖ్యం సేఫ్టీ. ఛార్జర్ మొత్తం వోల్టేజ్ మాత్రమే చూసే ప్యాక్ అనుకోండి. ఒక సెల్ 4.0 దగ్గర ఉండి, మిగతా నాలుగు 4.25కి చేరినా మొత్తం సరిగ్గా 21 వోల్టులే. ఛార్జర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ నాలుగు సెల్స్ ప్రతి ఛార్జింగ్‌లోనూ ఓవర్‌ఛార్జ్ అవుతుంటాయి. పాతవీ కొత్తవీ కలిపితే ఈ తేడా రోజురోజుకీ పెరుగుతుంది.

కాబట్టి నా రూల్ ఇది. ప్యాక్ ఏడాది లోపుది, మిగతావి దాదాపు కొత్తగా ఉన్నాయి, అదే మోడల్ సెల్ దొరికింది అంటే ఒక్కటి మార్చొచ్చు. 2పీ ప్యాక్ అయితే ఆ జతలో రెండూ మార్చాలి. లేదంటే మొత్తం సెట్ మార్చాలి. అన్న ప్యాక్‌కి అయిదూ మార్చాను. పాతవాటిలో బాగున్న నాలుగూ ఒంటి సెల్ టార్చ్ లైట్లకి పనికొస్తాయి.

ఏ సెల్స్ కొనాలి?

ఇక్కడ ఎంఏహెచ్ కన్నా ముఖ్యం, ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు అన్నది. శాంసంగ్ 35ఈ సెల్ 3500 ఎంఏహెచ్, కానీ 8 ఆంపియర్లే. అదే కంపెనీ 25ఆర్ 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. డ్రిల్‌కి రెండోదే కరెక్ట్. ఎల్‌జీ హెచ్‌జీ2, మోలీసెల్ పీ28ఏ కూడా ఈ పనికి సరిపోయేవే. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్స్ మాత్రం డ్రిల్‌లో పెట్టొద్దు. అవి అంత కరెంట్ ఇవ్వడానికి చేసినవి కావు.

"9900 ఎంఏహెచ్" అని రాసి ఉన్న 18650 కనిపిస్తే అది పక్కా ఫేక్. పేరున్న కంపెనీల సెల్స్ 3500 దరిదాపుల్లోనే ఆగుతాయి. మామూలుగా అసలు సెల్ దాదాపు 45 గ్రాములు తూగుతుంది. బాగా తేలిగ్గా ఉంటే అనుమానించండి. వచ్చాక అయిదింటి వోల్టేజ్, రెసిస్టెన్స్ కొలిచి, దగ్గరదగ్గరగా ఉంటేనే వాడండి.

జాయింట్ చేయడం

సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు. లోపలి సెపరేటర్ పలచటి ప్లాస్టిక్ పొర, దాదాపు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ కొన 350 డిగ్రీలు. స్పాట్ వెల్డింగే సరైన పద్ధతి. మెషిన్ లేకపోతే ఈ-బైక్ బ్యాటరీలు కట్టే షాపులో వెల్డింగ్ చేయించుకోవచ్చు.

స్ట్రిప్ ప్యూర్ నికెల్ ఉండాలి, 0.15 మిల్లీమీటర్ల మందం. నికెల్ పూత వేసిన ఇనుము కూడా అదే పేరుతో అమ్ముతారు. ముక్కని గీకి ఉప్పు నీళ్ళలో ఒక రోజు ఉంచండి, తుప్పు పడితే ఇనుమే. ప్రతి పాజిటివ్ బటన్ చుట్టూ ఇన్సులేషన్ రింగ్ అంటించండి. వెల్డింగ్‌కి ముందే అన్ని సెల్స్‌ని ఒకే వోల్టేజ్‌కి తెచ్చుకోండి.

పాత ప్యాక్ విప్పేటప్పుడే వైర్లకి ఫోటో తీసి పెట్టుకోండి. బోర్డు కనెక్ట్ చేసేటప్పుడు మెయిన్ నెగెటివ్‌తో మొదలుపెట్టి వరుసగా పైకి వెళ్ళాలి. ప్రతి వైర్ దగ్గర నెగెటివ్ నుంచి కొలిస్తే 3.6, 7.2, 10.8, 14.4, 18 లాగా సమానంగా పెరగాలి. వరుస తప్పితే బోర్డు అక్కడికక్కడే కాలిపోవచ్చు. కొన్ని బ్రాండెడ్ ప్యాక్‌లలో ఫాల్ట్ వచ్చాక చిప్ లాక్ అయిపోతుంది. సెల్స్ మార్చినా ఛార్జర్ ఒప్పుకోదు. ప్యాక్ లాక్ అయిందని ఛార్జర్ చూపిస్తుంటే ఆ సంగతి తేల్చుకున్నాకే సెల్స్ కొనండి.

మొదటి ఛార్జింగ్

ఆరుబయట, గచ్చు మీద, పక్కన కాలేవి ఏమీ లేకుండా పెట్టండి. మీరు దగ్గరే ఉండండి, రాత్రి పెట్టి పడుకోవద్దు. అరగంటకోసారి చేత్తో తాకి చూడండి. ఒక్క చోట మాత్రమే వేడిగా ఉంటే ఆపేయండి. నిండాక సెల్స్ మధ్య తేడా 0.05 వోల్ట్ లోపల ఉండాలి. అన్న ప్యాక్‌లో 0.02 వచ్చింది. గట్టి టేకు చెక్కకి వరుసగా స్క్రూలు బిగించి చూశాం. ప్యాక్ గోరువెచ్చగా అయింది కానీ ఆగలేదు.

లాభమా, నష్టమా?

నాకు ఒక్కో సెల్ 350 రూపాయలు పడింది, అయిదుకి 1750. స్ట్రిప్, రింగులు కలిపి 2000 లోపే అయింది. ఆ బ్రాండ్ ఒరిజినల్ ప్యాక్ అంతకి రెట్టింపు పైనే ఉంది కాబట్టి లాభమే. అదే చవక డ్రిల్ అయితే మొత్తం కిట్టే ఆ ధరకి వస్తుంది. అక్కడ సెల్స్ మార్చడంలో అర్థం లేదు. మల్టీమీటర్ వాడటం రాకపోతే టెస్టింగ్ కూడా తెలిసిన వాళ్ళతోనే చేయించుకోండి.

తీసేసిన సెల్‌ని మాత్రం చెత్తబుట్టలో వేయొద్దు. రెండు చివరలకీ టేప్ అంటించి ఈ-వేస్ట్ సెంటర్‌లో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. మున్సిపాలిటీ చెత్త లారీలో నలిగిన ఒక్క లిథియం సెల్ చాలు, మంట అంటుకోవడానికి.